నా వైపు బాగానే ఉంది

సెప్టెంబరు 1, ఆదివారం

పని పూర్తయింది. మా పెట్టుడు కాళ్ళ కేంద్రంలో కొత్త భవనం, పాత భవనం, వెనక వర్క్‌షాపు, మూడింటినీ కలుపుతూ ఇప్పుడు ఒకటే లైను. స్కాన్ గది నెట్‌వర్కు, యంత్రాల నెట్‌వర్కు, ఆఫీసు నెట్‌వర్కు అన్నీ దాని మీదే నడుస్తాయి, కానీ దేని దారి దానిదే. ఒకదాని సరుకు ఇంకొకదానిలో కలవకుండా ప్రతి ప్యాకెట్టుకూ నంబరు వేసిన ట్యాగు ఒకటి. పాత వైర్ల చిక్కుముడి అంతా పీకించి గోనెసంచుల్లో కుక్కించాను. చూసుకుంటే నాకే ముచ్చటేసింది.

అక్క వచ్చి చూసింది. బాగుందనలేదు. "వర్క్‌షాపులో ఆ పాత కంప్యూటరుకు మాత్రం ట్యాగు తీసేసి ఇవ్వవే. దాని నెట్‌వర్కు కార్డు ముసలిది. కావాలంటే రెండో కార్డు పెట్టి, స్కాన్ ఫైళ్ళకొకటి, యంత్రాలకొకటి, రెండు కేబుళ్ళు తీసుకుంటా" అంది. ఒక్క కంప్యూటరు కోసం గీసుకున్నదంతా మార్చమంటే ఎలా? కుదరదన్నాను. "సరే, నీ ఇష్టం" అంది. ఆవిడ 'నీ ఇష్టం' అంటే ఏమిటో ఈ తొమ్మిదేళ్ళలో నాకు బాగా తెలుసు.

స్విచ్చులూ లైన్లూ నా పని, కంప్యూటర్లు తన పని. ఇంట్లో పెద్ద కోడలైతే ఇక్కడ కూడా పెద్ద కోడలేనా?

2, సోమవారం

పొద్దున్నే మొదలైంది. మొదటి మనిషి లెక్కల మాస్టారు. ఎడమ కాలికి మోకాలి కింద మిగిలిన భాగం చుట్టూ కెమెరా తిప్పి కొలత తీశారు. ఆ ఫైలు వర్క్‌షాపుకు చేరితే అక్కడి యంత్రం దాన్ని బట్టి అచ్చు చెక్కుతుంది, ఆ అచ్చు మీద పెట్టుడు కాలి తొడుగు పోస్తారు. ఫైలు చేరలేదు.

చేరలేదంటే బొత్తిగా రాలేదని కాదు. వర్క్‌షాపు మేస్త్రి తెర మీద ఫైలు పేరు కనిపిస్తోంది, తేదీ కనిపిస్తోంది, సైజు కూడా కనిపిస్తోంది. తెరవబోతే గుండ్రం తిరుగుతుంది. తిరుగుతూనే ఉంటుంది.

అక్కడి నుంచి పింగ్ కొట్టాను, ఇక్కడి నుంచి కొట్టాను. పిలిస్తే పలుకుతోంది, ఒక్కటి కూడా పోలేదు. ట్యాగు నంబర్లు రెండు చివర్లా సరిపోయాయి. నా వైపు బాగానే ఉంది. అక్కకు అదే చెప్పాను.

"నా వైపూ బాగానే ఉంది. నిన్నటిదాకా పనిచేసిందేగా? నిన్న మార్చింది ఎవరు?" అంది.

మేస్త్రి ముందు అంది. ఒంటరిగా అన్నా పడేదాన్ని.

3, మంగళవారం

కేబులు మార్చాను. పోర్టు మార్చాను. స్విచ్చే మార్చాను. గుండ్రం తిరుగుతోంది.

4, బుధవారం

మాస్టారు మళ్ళీ వచ్చి బెంచీ మీద కూర్చున్నారు. నన్ను చూడగానే, "ఏమ్మా, నా కాలు బయలుదేరిందా?" అన్నారు. బయలుదేరిందండీ, దారిలో ఉంది అన్నాను. "దారిలో ఏ స్టాపులో ఉందో కనుక్కో. పరీక్షల సెలవులయ్యాక ఇరవై మూడున బడి తెరుస్తారు. ఆ రోజుకి నేను బోర్డు ముందు నిలబడకపోతే క్లాసు ఇంకెవరికో ఇచ్చి, నన్ను ఆఫీసు గదిలో కాగితాల మీద ముద్రలు కొట్టుకోమంటాడు మా హెడ్మాస్టరు" అన్నారు. నవ్వుతూనే అన్నారు.

మధ్యాహ్నం డాక్టరమ్మ గదికి ఇద్దరినీ పిలిచింది. ఈ కేంద్రమంతా ఆవిడ చేతి మీదే నడుస్తుంది. మేమిద్దరం రెండు కుర్చీల్లో కూర్చుని, ఆవిడ బల్ల మీద కాగితాల బరువు వైపు చూస్తూ సమాధానాలు చెప్పాం.

"నెట్‌వర్కు ఎలా ఉంది?"

"బాగానే ఉంది మేడమ్" అన్నాను.

"కంప్యూటర్లు?"

"బాగానే ఉన్నాయి మేడమ్" అంది అక్క.

"అన్నీ ఇంత బాగుంటే నా పేషెంట్లు బెంచీల మీద ఎందుకున్నారమ్మా? నెలాఖరులోగా తేల్చండి. లేకపోతే మొత్తం పని బయటి కంపెనీకి ఇచ్చేస్తాను. అప్పుడు మీ ఇద్దరూ ఇంట్లో కూర్చుని ఎవరి వైపు బాగుందో తీరిగ్గా తేల్చుకోండి."

బయటికొచ్చాక అక్క ఏదో చెప్పబోయింది. నాకు పనుంది, వెళ్ళిపోయాను.

5, గురువారం

ఇంట్లో అక్కతో మాట్లాడలేదు. కోపమేం లేదు. మాట్లాడాల్సినంత పని పడలేదు, అంతే.

కూర గిన్నె కావాలంటే అత్తయ్యను అడిగాను. అక్క ఉప్పు కావాలంటే అత్తయ్యను అడిగింది. గిన్నె అక్క పక్కనే ఉంది, ఉప్పు నా ముందే ఉంది. అత్తయ్య కాసేపు అటూ ఇటూ అందించి చెయ్యి కడుక్కుంది.

"తొమ్మిదేళ్ళు ఒక్క పొయ్యి మీద వండుకుని ఒక్క మాట పడలేదు మీరు. వీధి వీధంతా నన్ను చూసి కుళ్ళుకుంది. ఇప్పుడా ఇనప డబ్బా కోసం నా పరువు తీస్తారా? అసలు ఆ ట్యాగేంటే చిన్నదానా?"

ఒకే రోడ్డు మీద రకరకాల బస్సులు నడుస్తాయి కదా అత్తయ్యా, ఏది ఎక్కడికో తెలియడానికి బోర్డు పెట్టినట్టు అన్నాను.

"మరి బస్సు కదిలిందా?"

"కదిలింది."

"చేరిందా?"

"చేరాల్సిన చోట గేటు తియ్యట్లేదేమో అత్తయ్యా" అన్నాను కొంచెం గట్టిగానే.

"అసలు బస్సులో ఎవరైనా ఉంటేగా గేటు తియ్యడానికి, అత్తయ్యా" అంది అక్క.

బావగారు పళ్ళెం పట్టుకుని మెల్లగా వరండాలోకి జరిగారు. ఆయన తమ్ముడు అప్పటికే అక్కడున్నాడు. గదిలోకి వచ్చాక మా ఆయన్ను అడిగాను, నువ్వు నా వైపా, మీ వదిన వైపా అని. "నేను నిద్ర వైపు" అని దుప్పటి కప్పుకున్నాడు.

6, శుక్రవారం

పెన్‌డ్రైవ్ ఆలోచన డాక్టరమ్మదే. లైను బాగుపడేదాకా స్కాన్ గది నుంచి వర్క్‌షాపుకు ఫైళ్ళు చేత్తో మోయాలట. ఎవరు మోయాలి? "మోసుకెళ్ళడమంటే నెట్‌వర్కు పనేగా" అంది అక్క. అందరూ నవ్వారు.

పన్నెండేళ్ళ అనుభవం నాది. జేబులో పెన్‌డ్రైవ్ వేసుకుని ఎండలో ఆవరణ దాటుతున్నాను.

9, సోమవారం

ఏడుసార్లో ఎనిమిదిసార్లో తిరిగాను. స్కాన్ గది నర్సు అన్ని ఫైళ్ళకూ ఒకటే పేరు పెడుతుంది: 'ఎడమ కాలు కొత్తది'. పేషెంటు నంబరు పెట్టమ్మా అంటే, "లోపల ఉంటుంది కదండీ" అంటుంది. మధ్యాహ్నం రెండు ఫైళ్ళు ఒకేసారి తీసుకెళ్ళమంది. రెండోది ఎక్కిస్తుంటే తెర మీద ఏదో అడిగింది. అవతల ఫోను మోగుతోంది. నొక్కాను.

మాస్టారి కాలు ఈ రోజే చెక్కడం మొదలుపెడతారట. ఇరవై మూడుకు ఇంకా బోలెడు సమయం ఉంది. ఆయనకు చెప్తే చేతులు జోడించబోయారు. వద్దు వద్దన్నాను. లోపల మాత్రం హాయిగా అనిపించింది.

10, మంగళవారం

రాయడానికేం లేదు. గుండ్రం తిరుగుతోంది.

12, గురువారం

మధ్యాహ్నం మాస్టారికి కొత్త కాలు తొడిగారు. బిగుతుగా ఉందా అని డాక్టరమ్మ అడిగితే, "కొత్త చెప్పులు కరవవా డాక్టరుగారూ, కాళ్ళూ అంతే" అన్నారట. పళ్ళ బిగువున రెండు కడ్డీల మధ్య పదిసార్లు అటూ ఇటూ నడిచారట. తీసి చూస్తే ఎముక మీద తోలు ఊడి ఉంది.

కాలు ఆయనది కాదు. ఇంకెవరిదో కొలతతో చెక్కింది.

మేస్త్రి పెన్‌డ్రైవ్ తెచ్చి డాక్టరమ్మ బల్ల మీద పెట్టాడు. "ఇందులో ఒకటే ఫైలు ఉందండి. నాకు రెండు వస్తాయన్నారు. ఒకటే వచ్చింది, అదే చెక్కాను."

అందరూ నర్సు వైపు చూశారు. ఆ పిల్ల ఏడవడం మొదలుపెట్టింది. ఒకే పేరుతో రెండు ఫైళ్ళు పెడితే ఇలాగే అవుతుంది. ఎవరు మోసినా ఇలాగే అయ్యేది. నేను అదే చెప్దామని నోరు తెరిచాను.

"తప్పు మాది మేడమ్" అంది అక్క. "లైను పనిచేసుంటే ఈ మోతే ఉండేది కాదు. ఆ పిల్లనేమీ అనకండి."

మాదట! 'మా' ఎందుకు? ఆవిడ పెన్‌డ్రైవ్ ముట్టుకోలేదు. నేను ఒప్పుకోమని అడిగానా?

పుండు మానడానికి పది రోజులపైనే పడుతుందని, మానాక మళ్ళీ కొలత తీయాలని డాక్టరమ్మ మాస్టారితో చెప్పింది. అంటే ఇరవై మూడు దాటిపోయినట్టే. చక్రాల కుర్చీ నేనే తోసుకుంటూ గేటు దాకా తీసుకెళ్ళాను. ఆటో ఎక్కించేటప్పుడు అన్నారు, "అమ్మా, ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పాను. పిల్లలు తప్పు చేస్తే ఎక్కడ తప్పారో చూపించమనేవాణ్ణి. మీరు అది కూడా చూపించట్లేదు. అంతా బాగానే ఉందంటారు. బాగుంటే నేనెందుకిలా ఉన్నాను?"

ఈసారి నవ్వలేదు.

13, శుక్రవారం

సోమవారం ఆ తెర, పాతదాని మీద కొత్తది రాయాలా అని అడిగింది. అవును అని నొక్కాను.

15, ఆదివారం

సెలవు. ఇంట్లో ఉండలేక కేంద్రానికి వచ్చాను. ఎవరూ లేరు. వర్క్‌షాపులో పిండి రంగు దుమ్ము, గోడకు వరసగా వేలాడదీసిన అచ్చులు, ఒక్కొక్క దాని మీద పెన్సిలుతో ఎవరెవరిదో పేరు. ఖాళీ బెంచీ మీద కూర్చుని మొదటి నుంచీ ఆలోచించాను.

పేరు వస్తోంది. తేదీ వస్తోంది. సైజు వస్తోంది. ఇవన్నీ చిన్నవి. ఫైలు పెద్దది. పింగ్ వెళ్తోంది. అదీ చిన్నదే. రెండు వారాలుగా నేను చిన్న పింగులే కొడుతున్నాను, పలుకుతోందని సంతోషిస్తున్నాను. చిన్న రాయి విసిరి బావి లోతు చూసినట్టుంది నా తెలివి.

పెద్దది కొట్టి చూడాలి. మామూలుగా ఒక ప్యాకెట్టు పదిహేను వందల బైట్ల దాకా మోస్తుంది. ముక్కలు చేయకుండా, నిండు ప్యాకెట్టు పంపాను.

పలకలేదు.

వెయ్యి పంపాను. పలికింది. పధ్నాలుగు వందలు. పలికింది. మళ్ళీ నిండుది. పలకలేదు.

ఎక్కడ పడిపోతోందో చూడాలంటే ఆ పాత కంప్యూటరు కార్డు లోపలి లెక్కలు తెరవాలి. దాని పాస్‌వర్డు అక్క దగ్గరే ఉంది.

టీ తాగొచ్చాను. స్విచ్చు మీద దుమ్ము తుడిచాను. ఇంకో టీ తాగొచ్చాను. తర్వాత ఫోను చేశాను.

"అక్కా, ఒకసారి వస్తావా?"

ఎక్కడికి, ఎందుకు అని అడగలేదు. "తడిబట్టలు ఆరేసి వస్తున్నా" అంది.

వచ్చింది. జడ కూడా వేసుకోకుండా ముడి చుట్టుకుని వచ్చింది. నేను స్కాన్ గదిలో, ఆవిడ వర్క్‌షాపులో, మధ్యలో ఫోను.

"మామూలు తెర మీద తప్పులేవీ లేవే, రెండు వారాలుగా సున్నాయే చూపిస్తోంది" అంది.

"అది కాదక్కా. కార్డు సొంత లెక్క ఉంటుంది చూడు, ఇంకా లోపల. అది తెరువు."

చాలాసేపు కీబోర్డు చప్పుడు. "తెరిచా. కానియ్యి."

"పధ్నాలుగు వందల అరవై ఐదు."

"వచ్చింది."

"అరవై ఆరు."

"వచ్చింది."

"అరవై ఏడు. అరవై ఎనిమిది."

"రెండూ వచ్చాయి."

"అరవై తొమ్మిది."

లైను కట్టయిందేమో అనుకున్నాను.

"రాలేదు" అంది. "ఉండు. ఇక్కడొక అంకె ఒకటి పెరిగింది. 'పొడవు మించింది, పారేశాను' అని ఉంది. ఇంకోటి కొట్టు."

కొట్టాను.

"మళ్ళీ పెరిగింది! వస్తోందే, నీ ప్యాకెట్టు ఇక్కడిదాకా వస్తోంది. ఈ ముసలి ముండ తలుపు దగ్గరే పారేస్తోంది!"

వేళ్ళ మీద లెక్క వేసుకున్నాను. పధ్నాలుగు వందల అరవై ఎనిమిదికి ప్యాకెట్టు తల బరువు ఇరవై ఎనిమిది కలిపితే పధ్నాలుగు వందల తొంభై ఆరు, పదిహేను వందలకు సరిగ్గా నాలుగు బైట్లు తక్కువ. నాలుగు బైట్లంటే ట్యాగు బరువు. ట్యాగు తగిలించాక ప్యాకెట్టు నాలుగు బైట్లు పొడవు పెరుగుతుంది. కొత్త కార్డులు ఆ నాలుగూ వదిలేసి కొలుస్తాయి. ఇది ట్యాగుతో కలిపి కొలిచి, హద్దు దాటిందని పారేస్తోంది. చిన్నవాటికి ఎంత ట్యాగు తగిలించినా హద్దు దాటవు కాబట్టి అవన్నీ హాయిగా వెళ్ళిపోతున్నాయి.

అంటే నా స్విచ్చు తప్పు చేయలేదు. నా వైపు నిజంగానే బాగుంది. రెండు వారాలుగా ఈ ఒక్క మాట కోసమే బతికాను. తీరా చేతికొస్తే సంతోషం రాలేదు. ముసలి కార్డు, ట్యాగు తీసి ఇవ్వవే అని ఆవిడ అడిగింది. ఒకటో తారీఖున, ఇదే గదిలో నిలబడి అడిగింది.

ఫోను చెవి దగ్గరే ఉంది. "అక్కా, నువ్వు మొదటి రోజే అడిగావు" అన్నాను.

"ఊఁ. అడిగా."

"మరి మళ్ళీ ఎందుకు అడగలేదు? గట్టిగా అడగాల్సింది కదా!" చూడు, అప్పుడు కూడా నా గొంతు లేచింది.

"పంతం. నువ్వే వచ్చి అడుగుతావని చూశా" అంది. "మాస్టారి కాలు చూసినప్పటి నుంచీ నాకు అన్నం సయించట్లేదే."

"నాకూ."

"నీకెందుకు సయించదు, నిన్న రెండుసార్లు వడ్డించుకున్నావుగా" అంది. ఇద్దరం నవ్వాం. నవ్వాక ఆవిడ ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది. నేను ఫోను కొంచెం దూరంగా పట్టుకున్నాను.

తర్వాత పని. ఆవిడ కంప్యూటరులో ప్యాకెట్టు హద్దు పదిహేను వందల నుంచి పధ్నాలుగు వందల తొంభై ఆరుకు దించింది. ఎదుటివాళ్ళు ఇక అంతకంటే పెద్దవి పంపరు, ట్యాగు తగిలినా కార్డు హద్దులోనే ఉంటాయి. 'ఎడమ కాలు కొత్తది' తెరిచింది.

గుండ్రం ఒక్కసారి తిరిగి ఆగింది. తెర మీద బూడిద రంగులో కాలు వచ్చింది.

16, సోమవారం

వర్క్‌షాపు పోర్టుకు ట్యాగు తీసేశాను. రెండో కేబులు లాగాను. అక్క రెండో కార్డు బిగించి, హద్దు మళ్ళీ పదిహేను వందలకు పెంచింది. నా డిజైన్ బొమ్మలో ఒక్క గీత వంకరయింది. అందులో అంత మునిగిపోయిందేమీ లేదు.

డాక్టరమ్మకు ఇద్దరం కలిసి చెప్పాం. నాలుగు బైట్లంటే ఎంత అని అడిగింది. 'అ' అనే అక్షరం ఒక్కటి రాస్తే మూడు పోతాయి మేడమ్ అన్నాను. ఆవిడ కళ్ళద్దాలు తీసి నన్ను చాలాసేపు చూసింది. పెన్‌డ్రైవ్ సంగతి కూడా చెప్పాను. నొక్కింది నేనే, నర్సు కాదని. "ఆ పిల్లకు చెప్పావా?" అంది. చెప్పి వచ్చాను. సాయంత్రం చూస్తే ప్రతి ఫైలుకూ పేరు, నంబరు, ఎడమో కుడో, అన్నీ ఉన్నాయి.

23, సోమవారం

ఈ రోజు బడి తెరిచారు.

25, బుధవారం

మాస్టారి పుండు మానింది. ఇంకోసారి కొలత తీశారు. నేను స్కాన్ గదిలో నిలబడ్డాను, అక్క వర్క్‌షాపులో నిలబడింది. నర్సు పంపానంది. నేను ఫోను తీసేలోపే అటు నుంచి మేస్త్రి కేక వినిపించింది, వచ్చేసిందని.

మాస్టారు ముద్రలు కొడుతున్నారట. "రోజుకు రెండొందల కాగితాలు. కిటికీలోంచి నా క్లాసు వినిపిస్తుంది. కొత్తాయన భిన్నాలు తప్పు చెప్తున్నాడు. నేను ముద్ర గట్టిగా కొడతాను, వినపడకుండా" అన్నారు.

30, సోమవారం

కొత్త కాలు తొడిగారు. మేము పిలవకుండానే వెళ్ళి తలుపు దగ్గర నిలబడ్డాం, ఇద్దరం. డాక్టరమ్మ నిజం చెప్పాలి సుమా అని ముందే హెచ్చరించింది. మాస్టారు లేచారు, బరువు మోపారు, కళ్ళు మూసుకున్నారు.

"నొప్పి ఉందా?"

"లేదు. నిజంగానే లేదు" అన్నారు ఆశ్చర్యంగా.

కడ్డీలు పట్టుకుని ఒకసారి, వదిలేసి ఒకసారి నడిచారు. చివర మా ముందుకొచ్చి ఆగారు. "ఇప్పుడైనా చెప్పండి. ఇన్నాళ్ళూ నా కాలు ఎక్కడ ఆగింది?"

నేను ట్యాగులు, బైట్లు మొదలుపెట్టబోయాను.

"మా ఇద్దరి మధ్య ఆగింది మాస్టారూ" అంది అక్క.

ఆయన ఆవిడను చూశారు, నన్ను చూశారు. "మీరిద్దరూ ఏమవుతారు?"

"తోడికోడళ్ళం" అన్నాను.

"అయితే తొందరగానే బయటపడింది!" అన్నారు. డాక్టరమ్మ కూడా నవ్వేసింది. నవ్వు తగ్గాక నేను, క్షమించండి మాస్టారూ అన్నాను. దానికాయన పరవాలేదని మాత్రం అనలేదు. జేబులోంచి ఫోను తీసి హెడ్మాస్టరుకు కలిపారు. నర్సు కుర్చీ దగ్గరికి జరిపితే చేత్తో వద్దన్నారు.

"నమస్కారం సార్. నేనే... లేదు సార్, ముద్రల గురించి కాదు. నా క్లాసు గురించి. నేను నిలబడి మాట్లాడుతున్నాను సార్."

అటువైపు ఆయన ఏదో చాలాసేపు చెప్పారు. మాకు వినపడలేదు. మాస్టారు వింటూనే ఉన్నారు, కూర్చోలేదు.